ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టొచ్చా?

"ముప్పై ఏళ్ళుగా చూస్తున్నానమ్మా. నేను కూర్చోబెట్టి మాట్లాడిన జంటల్లో ఒక్కటీ కోర్టు మెట్లెక్కలేదు."

"ఎక్కలేదు సరే అంకుల్. ఆ తర్వాత దెబ్బలు ఆగాయో లేదో ఆ అమ్మాయిని విడిగా ఎప్పుడైనా అడిగారా?"

ఉగాది కార్యక్రమం ముగిసి, అద్దె హాలులో కుర్చీలు మడతపెడుతుండగా మొదలైన వాదన ఇది. ఆయన తెలుగు సంఘానికి ఒకప్పటి కార్యదర్శి. విజయవాడలో చదువుకుని, తొంభైలలో మెల్‌బోర్న్ వచ్చి స్థిరపడ్డ ఇంజనీరు. ఆమె వరంగల్ అమ్మాయి. వలస కుటుంబాల్లో హింసకు గురైనవాళ్ళకు సాయపడే సంస్థలో కేస్‌వర్కర్. ఇద్దరూ ఫలానా వ్యక్తులు కారు. మెల్‌బోర్న్ శివార్లైన టార్నీట్, పాయింట్ కుక్, వెరిబీ వైపు తెలుగిళ్ళలో వినిపించే రెండు వాదాలకు ఇక్కడ మనుషుల రూపం ఇచ్చాం. చట్టాలు, తీర్పులు, తేదీలు మాత్రం ఉన్నవే.

పెద్దాయన్ని తేలిగ్గా తీసిపారేయడానికి లేదు. రాత్రి పదకొండింటికి ఫోన్ మోగితే ఎత్తే మనిషి ఆయన.

"మీ సంస్థ పేరు తెలిసినవాళ్ళు ఎంతమంది చెప్పు? కొత్తగా దిగిన పిల్లకు ఇక్కడ తెలిసింది మొగుడు, మొగుడి స్నేహితులు, గుళ్ళో కనిపించే మేము. పోలీసుల్ని పిలిస్తే ఏమవుతుంది? అబ్బాయి చేతిలో నోటీసు పెట్టి ఇంట్లోంచి పొమ్మంటారు. జూలై నెల, చలి. వాడికి ఇక్కడ అన్నా తమ్ముడా? కారులో పడుకుంటాడు. ఈ పిల్లకు అద్దె ఎవరు కడతారు? గుంటూరులో అత్తామామలు, హైదరాబాదులో అమ్మానాన్నలు ఫోన్లలో తిట్టుకుంటారు. మూడో రోజున ఆ పిల్లే నాకు ఫోన్ చేసి, 'అంకుల్, కేసు వెనక్కి తీసుకోవచ్చా' అంటుంది. తనకు కావలసింది దెబ్బలు ఆగడం. మీరు కాపురమే ఆపేశారు."

"కోర్టు ఇచ్చే రక్షణ ఆర్డర్ అంటే విడాకులేనని మీకు చెప్పిందెవరు?" అంది ఆమె. "మన విక్టోరియా రాష్ట్రంలో 2008 నాటి కుటుంబ హింస చట్టం ప్రకారం మేజిస్ట్రేట్ ఎంత అవసరమో అంతే షరతులు పెట్టొచ్చు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండొచ్చు, కానీ చెయ్యి చేసుకోకూడదు, బెదిరించకూడదు, వస్తువులు పగలగొట్టకూడదు అని మాత్రమే రాయించుకున్న ఆడవాళ్ళు బోలెడుమంది. అది సివిల్ ఆర్డర్. ఆర్డర్ పడినంత మాత్రాన అతను నేరస్థుడైపోడు. దాన్ని మీరితేనే నేరం. కేసు వెనక్కి తీసుకోవడం అంటారా, చాలాసార్లు దరఖాస్తుదారు పోలీసే. ఆమె చేతుల్లో ఉండదు."

"చూశావా! ఆమె కేసే, ఆమె మాట చెల్లదు."

"ఆమె చేతుల్లో లేదు కాబట్టే, 'వెళ్ళి వెనక్కి తీసుకో' అని ఆమె మెడ మీద కూర్చోవడానికి ఎవరికీ వీలుండదు. అత్తగారికీ, మొగుడికీ, మీకూ."

ఆయన నవ్వేశాడు కానీ, ఆయన దగ్గర ఇంకో పదునైన వాదన ఉంది. కేకలు విని పక్కింటివాళ్ళు పోలీసుల్ని పిలిచిన ఇళ్ళలో ఇంగ్లిష్ బాగా వచ్చేది భర్తకే. అతను నెమ్మదిగా, మర్యాదగా తన కథ చెబుతాడు. ఆమె ఏడుస్తూ, సగం తెలుగులో అరుస్తుంది. అతని ముంజేతి మీద ఆమె గోళ్ళ గీతలు ఉంటాయి. విడిపించుకునేటప్పుడు పడ్డవే అయినా, కాగితం మీద ఆమే దాడి చేసిన మనిషి అవుతుంది. దీన్ని ఆ కేస్‌వర్కరే ఒప్పుకుంటుంది. బాధితురాలిని నిందితురాలిగా పొరబడడం విక్టోరియాలో పాతుకుపోయిన సమస్య. గృహహింసపై వేసిన రాయల్ కమిషన్ దృష్టికీ వచ్చింది. 2016 మార్చిలో ఆ కమిషన్ 227 సిఫార్సులు చేస్తే రాష్ట్ర ప్రభుత్వం అన్నిటినీ అమలు చేస్తామంది. ఆరెంజ్ డోర్ పేరుతో సాయం కోరేవాళ్ళు నేరుగా వెళ్ళగలిగే కేంద్రాలు 2018 నుంచి తెరిచారు. అయినా అర్ధరాత్రి ఇంటి ముందు నిలబడ్డ ఇద్దరు కానిస్టేబుళ్ళు దుబాసీ కోసం ఫోన్ చేస్తారా లేదా అన్నది ఆ రాత్రి వాళ్ళ ఓపికను బట్టి ఉంటుంది.

"అందుకే మా దగ్గరికి రమ్మంటున్నా," అన్నాడాయన. "మాకు భాష వచ్చు. ఎవరి గోడు ఏమిటో అర్థమవుతుంది."

"అర్థమయ్యేంతగా ఆమె మీ ముందు నోరు విప్పుతుందా? మీ హాల్లో సోఫా మీద పక్కన మొగుడు. కాఫీ ఇచ్చేది మీ ఆవిడ. 'ఏమ్మా, ఏమైంది' అంటారు మీరు. 'ఏం లేదంకుల్, చిన్న మాటా మాటా' అంటుంది. ఇంకేం చెబుతుంది? తిరిగి ఇంటికి వెళ్ళాల్సింది అదే కారులో, అతని పక్క సీట్లో. ఇద్దరి మధ్యా మాటలే సమస్య అయితే మీరు చేసేది మంచి పనే. అలాంటివాళ్ళను నేనే మీ దగ్గరికి పంపిస్తాను. ఒకరికి ఇంకొకరంటే భయం ఉన్నచోట ఆ సోఫా ప్రమాదం."

ఇది ఆమె సొంత సిద్ధాంతం కాదు. 2006లో ఆస్ట్రేలియా కుటుంబ చట్టాన్ని మార్చినప్పుడు, పిల్లల గురించి కోర్టుకెళ్ళే ముందు తల్లిదండ్రులు మధ్యవర్తిత్వం ప్రయత్నించాలన్న నియమం పెట్టారు. కుటుంబాలకు సలహాలిచ్చే కేంద్రాలు కూడా దేశమంతా అప్పుడే వచ్చాయి. అంటే రాజీని అంతగా ఇష్టపడిన చట్టం అది. అదే చట్టం హింస ఉన్న ఇంటికి మినహాయింపు ఇచ్చింది. విక్టోరియాలో కేస్‌వర్కర్లు, నర్సులు, పోలీసులు వాడే ప్రమాద అంచనా పద్ధతిలో కొన్ని ప్రశ్నలు తప్పనిసరి: గొంతు పట్టుకున్నాడా, గర్భంతో ఉన్నప్పుడు కొట్టాడా, విడిపోదామని ఈ మధ్య అన్నావా. మూడోది మన పెద్దమనుషులు గుర్తుపెట్టుకోవలసింది. ఆమె వెళ్ళిపోతానన్న నాటి నుంచి ప్రమాదం పెరుగుతుంది. సరిగ్గా ఆ వారంలోనే మనం సంధి సమావేశం పెడతాం.

పెద్దాయన వెంటనే ఒప్పుకోలేదు. "హింస, హింస అంటున్నావు. యుద్ధాల్లోంచి, క్యాంపుల్లోంచి వచ్చినవాళ్ళ సంగతి చెప్పు, వింటాను. మనవాళ్ళు ఐటీ ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు. మన సంగతి వేరు."

వేరే సంగతులు నిజంగానే ఉన్నాయి. అయితే ఆయన అనుకునే వైపు కాదు. మెల్‌బోర్న్‌కు అటు కొసన డాండెనాంగ్‌లో అఫ్గాన్ శరణార్థి కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. శరణార్థి వీసా మీద వచ్చిన భార్యకు దిగిన దగ్గర నుంచే ప్రభుత్వ భృతికి అర్హత ఉంటుంది. ఆమె వాటా ఆమె పేరున బ్యాంకులో పడుతుంది. కాబూల్‌లో టీచరుగానో దుకాణదారుగానో బతికిన భర్త ఇక్కడ కోళ్ళ ఫ్యాక్టరీలో పని వెతుక్కుంటుంటాడు. స్కూలుకెళ్ళే కూతురు డాక్టరు దగ్గర, బ్యాంకులో ఇంటిల్లిపాదికీ దుబాసీ అవుతుంది. ఇంట్లో ఎవరి మాట చెల్లాలన్న లెక్క ఆరు నెలల్లో తారుమారవుతుంది. మొగవాళ్ళలో కొందరు చిత్రహింసలు అనుభవించి వచ్చారు, నిద్ర పట్టదు. అలాంటివాళ్ళ కోసం 1987 నుంచి విక్టోరియాలో ఫౌండేషన్ హౌస్ అనే సంస్థ పనిచేస్తోంది.

"మరి! ఆ మనిషికి కావలసింది వైద్యం. పోలీసు కాదు," అన్నాడాయన.

"రెండూ కావాలి. నిద్ర పట్టని మనిషి ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ మీద చెయ్యెత్తడం లేదు. తలుపు మూసుకున్నాక భార్య మీదే ఎత్తుతున్నాడు. అంటే ఎక్కడ ఎత్తొచ్చో తెలుసు."

ఇక మన ఐటీ కుటుంబం. ఇక్కడ కాగితాల పరంగా శరణార్థి భార్య కన్నా తెలుగు భార్య పరిస్థితే అధ్వానంగా ఉండొచ్చు. శాశ్వత నివాసం (పీఆర్) మీద వచ్చినా, 2019 నుంచి చాలా రకాల భృతులకు నాలుగేళ్ళు ఆగాలి. శరణార్థులకు ఆ ఆంక్ష లేదు. భర్త స్టూడెంట్ వీసాకో, కంపెనీ స్పాన్సర్ చేసిన 482 వీసాకో వేలాడుతున్న డిపెండెంట్ అయితే భృతీ లేదు, విడిపోతే వీసా ఆధారమూ పోతుంది. బెదిరింపు ఇక్కడే పుడుతుంది: "ఒక్క మెయిల్ కొడితే రేపు ఫ్లైట్ ఎక్కుతావు."

"భాగస్వామి వీసా మీద ఉన్న అమ్మాయికైతే ఆ మాట శుద్ధ అబద్ధం," అంది ఆమె. "309 అయినా 820 అయినా సరే. భర్త హింస వల్ల కాపురం పోయిందని చూపిస్తే, అతను స్పాన్సర్‌షిప్ వెనక్కి తీసుకున్నా పీఆర్ రావచ్చు. కోర్టు ఆర్డర్ చూపొచ్చు. అది లేకపోతే తన ప్రమాణపత్రం, దానికి తోడు డాక్టరు, సోషల్ వర్కర్ లాంటివాళ్ళ పత్రాలు. ఈ వెసులుబాటును 2024 అక్టోబరులో మరికొన్ని శాశ్వత వీసాలకు కూడా విస్తరించారు. ఇది మీ సంఘం వాట్సాప్ గ్రూపులో ఒక్కసారైనా వచ్చిందా? సినిమా టికెట్లు, దోసెల పిండి వస్తాయి."

"482 మీద ఉన్న పిల్లకు?"

ఆమె కాసేపు మాట్లాడలేదు. "ఆమెకు ఆ వెసులుబాటు లేదు. వేరే దారులు వెతకాలి. రెడ్ క్రాస్ ద్వారా తాత్కాలిక వీసాదారులకు కొంత డబ్బు సాయం 2021లో మొదలైంది. మా దగ్గర ఇమ్మిగ్రేషన్ లాయర్లున్నారు. ఒక్కోసారి దారి దొరుకుతుంది, ఒక్కోసారి దొరకదు."

"అప్పుడు నా సోఫానే గతి."

ఈ ఒక్క పాయింటులో పెద్దాయనదే పైచేయి. హింసకు గురైన మనిషి ఏ వీసా మీద ఉందన్నదాన్ని బట్టి రక్షణ కొలిచే చట్టం ఎంత ఆధునికమైనా కుంటిదే. ఆమెకు రాత్రికి పడక చూపించగలరు. రేపటి దేశాన్ని చూపించలేరు.

కేస్‌వర్కర్ వాదన మార్చింది. షెపర్టన్ సంగతి ఎత్తింది. అఫ్గానిస్తాన్‌కు చెందిన హజారా శరణార్థి కుటుంబం. మెల్‌బోర్న్‌కు ఉత్తరాన ఉన్న ఆ పండ్లతోటల ఊళ్ళో తల్లి తన కూతుర్ని పెళ్ళికి ఒత్తిడి చేసింది. అమ్మాయికి ఇంకా చదువుకోవాలని ఉంది. ఇష్టం లేదని స్నేహితులకు చెప్పుకుంది. 2019లో పెళ్ళయింది, పెర్త్ కాపురానికి వెళ్ళింది. 2020 జనవరిలో భర్త చేతిలో హత్యకు గురైంది, 21 ఏళ్ళకు. బలవంతపు పెళ్ళిని ఆస్ట్రేలియా 2013లో నేరం చేసింది. ఆ చట్టం కింద జైలుకెళ్ళిన మొదటి మనిషి ఆ తల్లి. 2024 జూలైలో మూడేళ్ళ శిక్ష పడింది, అందులో కనీసం ఏడాది జైల్లో ఉండాలన్నారు.

"పరువు పోతుందని ఆ సంబంధం కుదిర్చిందీ, నచ్చజెప్పిందీ సొంతవాళ్ళే అంకుల్. భాష తెలిసినవాళ్ళే."

"ఆ తల్లి కథ కూడా చెప్పు మరి. ఆమెకూ చిన్నపిల్లగా ఉన్నప్పుడే పెళ్ళి చేశారట. చదువు లేదు. పిల్లల్ని బతికించుకుని ఇంత దూరం వచ్చింది. కూతురు పోయింది, తను జైలుకెళ్ళింది. ఎవరికి సాయపడ్డట్టు?"

ఇద్దరూ ఒకే కేసును చెరో చివరా పట్టుకున్నారు. ఈ వ్యాసకర్తకు ఆ పెళ్ళికి ముందు నెలలే ముఖ్యమనిపిస్తాయి. నాకొద్దని అమ్మాయి అంది. విన్నవాళ్ళెవరూ ఆ పెళ్ళిని ఆపలేకపోయారు. ఆపగలిగిన పెద్దలు ఆమెను విడిగా పిలిచి అడిగిన జాడ లేదు.

వరకట్నం మాట కూడా ఇక్కడే వచ్చింది. కట్నం మన ఊళ్ళో వ్యవహారం, ఈ దేశపు చట్టానికేం తెలుసని పెద్దాయన నమ్మకం. భారతదేశపు వరకట్న నిషేధ చట్టం 1961 నాటిది. కట్నం కోసం వేధించడాన్ని విక్టోరియా తన కుటుంబ హింస చట్టంలో పేరు పెట్టి చేర్చింది 2019లో. ఈ మార్పు కోసం గట్టిగా నిలబడ్డవాళ్ళలో మెల్‌బోర్న్ సైకియాట్రిస్టు డాక్టర్ మంజులా ఓ'కానర్ ఒకరు. ఈ చట్టంలో కుటుంబ సభ్యులంటే మొగుడూ పెళ్ళాలు మాత్రమే కాదు, అత్తమామలూ ఆడపడుచులూ కూడా. పురిటికి విజిటర్ వీసా మీద వచ్చి, కోడలి ఫోన్ తీసి దాచే అత్తగారి మీద కూడా ఆర్డర్ తెచ్చుకోవచ్చని చెప్పగానే పెద్దాయన కనుబొమలు పైకి లేచాయి.

"సెలవులకని తీసుకెళ్ళి హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో దింపి వచ్చేసేవాళ్ళ మాటేమిటి?" అని ఈసారి ఆయనే అడిగాడు. అలా చిక్కుకున్న అమ్మాయిల తండ్రుల ఫోన్లు ఆయనకూ వస్తుంటాయి. కూతురు పుట్టింట్లో ఉంది, పాస్‌పోర్టు అల్లుడి దగ్గర ఉంది, ఏం చెయ్యాలి బాబూ అని.

అలా వదిలేసి రావడం ఆస్ట్రేలియాలో మనుషుల అక్రమ రవాణా కిందికి రావచ్చు. విక్టోరియాలో ఒక భర్త తన భార్యనూ ఇద్దరు పసిపిల్లలనూ సూడాన్ తీసుకెళ్ళి వదిలేసి, ఆమె వీసా ఆధారం తెంచేసి తిరిగొచ్చాడు. ఆమె ఏడాదికి పైగా అక్కడ చిక్కుకుపోయింది. ఈ నేరానికి అతనికి జైలుశిక్ష పడింది. 2024లో నాలుగున్నరేళ్ళు. మన వైపు నుంచి చూస్తే, తిరుపతిలో 1975లో పెళ్ళయిన ఒక జంట కేసు ఉంది. భర్త అమెరికాలో మిస్సోరీ కోర్టు నుంచి విడాకులు తెచ్చుకుని భారతదేశంలో మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. 1991లో భారత సుప్రీంకోర్టు ఆ విడాకులు చెల్లవంది. ఏ చట్టం కింద పెళ్ళయిందో ఆ చట్టం ఒప్పుకోని కారణంతో, భార్య ఆ కోర్టు అధికారానికి ఒప్పుకోకుండా వచ్చిన విదేశీ డిక్రీకి విలువ లేదని తేల్చింది. 2019లో అదే కోర్టు ఇంకో మాట చెప్పింది: అత్తింటి నుంచి గెంటేస్తే, భార్య తలదాచుకున్న ఊళ్ళోనే క్రూరత్వం కేసు పెట్టొచ్చు. మెల్‌బోర్న్‌లో పడ్డ దెబ్బకు కరీంనగర్‌లో ఫిర్యాదా అని పోలీసులు తిప్పి పంపుతుంటే చూపించడానికి ఆ తీర్పు పనికొస్తుంది.

ఆ సాయంత్రం ఇద్దరూ అడ్డు చెప్పకుండా ఒప్పుకున్నది ఒక్కటే, దుబాసీల గురించి. దుబాసీ కావాలంటే 131 450కి ఫోన్ చేసి 'తెలుగు' అంటే చాలు. కానీ ఊళ్ళో తెలుగు దుబాసీ అంటే మొన్న సంక్రాంతికి ముగ్గులు దిద్దిన ఆవిడే కావచ్చు. ఆమె నోరు జారదు. జారుతుందేమోనన్న భయమే చాలు, బాధితురాలు నోరు మూసుకోవడానికి. వేరే రాష్ట్రంలో ఉన్న దుబాసీని అడగొచ్చు, ఆడమనిషినే అడగొచ్చు, పేరు చెప్పకుండా ఫోన్‌లో మాట్లాడొచ్చు. అడగొచ్చని తెలిసినవాళ్ళు తక్కువ.

"సరే, అది మేం చెబుతాం," అన్నాడాయన. "ఆ వీసా సంగతి కూడా తెలుగులో రాసివ్వు, గ్రూపులో పెడతాను. ఆడవాళ్ళ గ్రూపులో పెట్టమని మా ఆవిడకిస్తాను, మొగుళ్ళు చూసే గ్రూపులో వద్దులే. కానీ నా ప్రశ్న నువ్వు ఇంకా దాటేస్తున్నావు. కారులో పడుకున్నవాడి సంగతి?"

"దాటేయడం లేదు. మీ ఇంట్లో ఖాళీ గది ఉందిగా, ఇవ్వండి."

ఆయన ఊహించని జవాబు. ఆమె మాత్రం చాలా మామూలుగా చెప్పింది. ఉండటానికి చోటు దొరకని మొగవాడు ఆ రాత్రే తిరిగి ఆ ఇంటి తలుపు తడతాడు, ఆర్డర్ మీరతాడు, అప్పుడు నిజంగా జైలు. అతనికి పడక, తిండి, పనికి వెళ్ళే దారి ఉంటే ఆమెకే క్షేమం. తన ప్రవర్తన గురించి అతను మాట్లాడుకోవడానికి ఫోన్ సేవ ఉంది, మెన్స్ రిఫరల్ సర్వీస్. దక్షిణాసియా మొగవాళ్ళకు వాళ్ళ భాషల్లోనే బృందాలు నడిపిన సంస్థలున్నాయి. అక్కడిదాకా అతన్ని తీసుకెళ్ళగలిగింది పెద్దాయన లాంటివాళ్ళే. కేస్‌వర్కర్ మాట అతను వినడు.

"అయితే ఒక్క షరతు. అతని తరఫున ఆమెకు కబుర్లు మోయొద్దు. 'మావాడు మారాడమ్మా' అని మీరు ఫోన్ చేసినా, మీ ఆవిడ చేత చేయించినా, ఆర్డర్‌లో ఆ నిబంధన ఉంటే అది అతను ఆర్డర్ మీరినట్టే."

"పిల్లాడికి జ్వరం తగ్గిందా అని అడగడం కూడానా?"

"అది కూడా."

"ఇదేం చట్టమమ్మా? తండ్రి కాదా వాడు?"

"తండ్రే. అందుకే పిల్లల కబుర్లు ఎవరి ద్వారా, ఎలా అడగాలో ఆర్డర్‌లోనే రాయించమనండి. వచ్చే హియరింగ్‌లో అడగమనండి, కోర్టులోనే ఉచితంగా మాట్లాడే డ్యూటీ లాయర్ ఉంటాడు. మీరు తోడు వెళ్ళండి."

"వెళితే ఆ పిల్ల నన్ను చూసి, అంకుల్ కూడా వాడి పక్షమే అనుకోదూ?"

"అనుకుంటుంది," అంది ఆమె, చివరి కుర్చీ మడిచి గోడకు ఆనిస్తూ. "ఆ అమ్మాయితో వెళ్ళడానికి ఇంకొకర్ని వెతకాలి. మీ ఆవిడ్ని అడగనా?"